తువ్వాలు కింద గోవా

ఆ రోజు నేను చేసిన తప్పు తువ్వాలు కింద జరిగింది కాబట్టి పైన ఎవరికీ కనపడలేదు. మూడు చేతులు నాకు ఒకే మాట చెప్పాయి. తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాక నేను ఇంకో మాట చెప్పాను. ఆదోని పత్తి యార్డులో దళారీగా బతికేవాడు చేయకూడని పని ఏదైనా ఉందంటే అది ఇదే. తడి పత్తిని పొడి పత్తిలో కలిపి అమ్మినవాణ్ణి మావాళ్ళు నోరారా తిట్టి, సాయంత్రానికి మళ్ళీ టీకి పిలిచేవాళ్ళు. తువ్వాలు కింద ఒకటి, పైన ఒకటి అన్నవాడి పక్కన మాత్రం కూర్చునేవాళ్ళు కారు. నేను ఆ పని యార్డులో కూడా కాదు, ఇంట్లో చేశాను. కన్నతల్లితో, కట్టుకున్నదానితో, పిల్లనిచ్చిన అత్తతో. అదీ గోవా కోసం.

తువ్వాలు బేరం చూడనివాళ్ళు ఇప్పుడు ఎక్కువ. అప్పటికే యార్డులో పద్ధతులు మారుతున్నా, పాత దళారులు కుప్ప దగ్గర నిలబడితే అలవాటు కొద్దీ తువ్వాలు తీసేవాళ్ళు. అమ్మేవాడి తరఫు దళారి, కొనేవాడు ఎదురెదురుగా నిలబడి చేతులు కలుపుతారు. పైన తువ్వాలు కప్పుతారు. లోపల ఒక వేలు పట్టుకుంటే ఒక ధర, రెండు పట్టుకుంటే ఇంకో ధర, అరచేతిలో గోటితో గీరితే ఇంకాస్త రమ్మని. నోళ్ళు మాత్రం వానల గురించో, పక్కింటి పెళ్ళి గురించో మాట్లాడుతుంటాయి. చుట్టూ నిలబడ్డవాళ్ళకు గుడ్డ కింద పిల్లికూనలు కదిలినట్టు కనపడుతుంది తప్ప ఏమీ తెలియదు. కుదిరితే తువ్వాలు లాగేస్తారు. ఆ తర్వాత నోరు చెప్పేది లోపల వేలు చెప్పిందే అయి ఉండాలి. సాక్షి ఉండడు, కాగితం ఉండదు. అందుకే ఆ మాటకు అంత బరువు.

డెబ్బైల చివర్లో ఒక ఎండాకాలం. పత్తి రావడం ఆగిపోయాక యార్డులో మిగిలేది దుమ్మూ, మేమూ. ఆ దుమ్ములో నాతోపాటు కూర్చునేవాడు నా జతగాడు, నాలాగే దళారి. అతన్ని యార్డంతా భాయ్ అనేది, నేనూ అదే పిలిచేవాణ్ణి. భాయ్ అక్కను మడగాంలో ఇచ్చారు. ఆ బావకు అక్కడ పరుపుల అంగడి. రెండేళ్ళకోసారి భాయ్ గోవా పోయి వచ్చేవాడు. వచ్చాక ఆరు నెలలు ఆ కబుర్లే చెప్పేవాడు.

"సముద్రం ఎట్లుంటాది భాయ్?" అని అడిగాను ఒక మధ్యాహ్నం, తాటాకు విసనకర్రతో ఇద్దరికీ కలిపి విసురుతూ.

"ఎట్లుంటాదంటే... యార్డు నిండా పత్తి పరిచినారనుకో. గాలికి లేస్తాది, పడతాది. మళ్ళా లేస్తాది. ఎవురూ తూకం వెయ్యరు. ఎవురూ కొనరు."

"మరి మందు?"

"మన ఊళ్ళో టీ అంగళ్ళు యాడయాడ ఉండాయో ఆడంతా మందు అంగడి పెట్టుకో. నేను ముట్టను గానీ, దోవ సూపిస్తా. నాకు చేప సాలు."

ఆ మాటతో నాకు రెక్కలు వచ్చాయి. అక్కడే దుమ్ములో భాయ్ వేలితో దారి గీశాడు. ఇక్కడ బండి ఎక్కి గుంతకల్లులో దిగాలి. అక్కడ చిన్న లైను బండి పట్టుకుని బళ్ళారి, హొస్పేట మీదుగా హుబ్లీ. ఆ తర్వాత లోండా, తర్వాత ఘాట్ కొండలు, కొండ దిగితే మడగాం. మడగాం నుంచి బస్సు ఎక్కితే కొల్వా అనే ఊరు, ఊరి ముందే సముద్రం. ఆ గీతలను యార్డు గాడిద ఒకటి రోజూ తొక్కేది, మేము రోజూ మళ్ళీ గీసేవాళ్ళం. ఎక్కడ తినాలి, సముద్రంలో దిగేటప్పుడు పంచె ఎలా బిగించాలి, చేప ముల్లు గొంతులో ఇరుక్కుంటే ఏం చేయాలి, అన్నీ మాట్లాడుకున్నాం. ఇంట్లో ఎలా చెప్పాలన్నది ఒక్కటే మాట్లాడుకోలేదు.

మా ఇంట్లో అప్పుడు ముగ్గురు ఆడవాళ్ళు ఉన్నారు. ఒకరు మా అమ్మ. నాన్న పోయి చాలా ఏళ్ళయింది. ఇంకొకరు నా భార్య. మూడో ఆమె మా అత్త, ఎండాకాలం గడపడానికి ఎమ్మిగనూరు నుంచి కూతురింటికి వచ్చింది. మామ మగ్గం నేసేవాడు. పడుగు ఎక్కించి ఉంది, అది దిగేదాకా మగ్గం గుంతలోంచి కాళ్ళు తీయనని ఆయన ఇంట్లోనే ఉండిపోయాడు. అత్త దానికి బాధపడినట్టు కనపడలేదు. "పెళ్ళయిన కాడ్నుంచి సెవుల్లో ఆ మగ్గం సప్పుడే. అది ఇనపడని ఊరు యాడుంటే ఆడ నాలుగు దినాలు నిద్రపోవల్లని ఉండాది," అనేది.

భార్య చేటలో కందులు చెరుగుతుంటే, ఏదో గుర్తొచ్చినట్టు అన్నాను. "భాయ్, నేను గోవా పోయి వస్తామనుకుంటాండాము."

"ఆడ ఏముండాది?"

"సముద్రం."

చేట ఆగింది. "మీకిద్దరికే సముద్రమా? మేము సూస్తే ఇంకిపోతాదా?"

నేను ఎవరి మొహం మీదా కాదని అనలేను. అది మంచితనం కాదు, పిరికితనం. కాదనాల్సిన పనిని ఇంకొకరి చేత అనిపించడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు. అందుకే ముగ్గుర్నీ నడవలో కూర్చోబెట్టి పెద్దమనిషిలా అడిగాను. "గోవా పోదామా, మంత్రాలయం పోదామా? మీ ఇష్టం."

అమ్మ వెంటనే అంది. "నాకేంటికప్పా సముద్రం? మంత్రాలయం పోయి ఏట్లో మునిగితే సాలు. నీళ్ళు నీళ్ళే గదా."

"పెద్దామె యాడికంటే ఆడికే," అంది అత్త.

"అత్త ఎట్లంటే అట్ల," అంది నా భార్య, ఇందాకటి చేట సంగతి ఎరగనట్టు.

మంత్రాలయం మాకు బస్సులో పోయి పొద్దు తిరిగేలోపు వచ్చేసే దూరం. అమ్మ ఎన్నిసార్లు పోయిందో ఆమెకే తెలియదు. ఈ ముగ్గుర్నీ అక్కడ సత్రంలో దించి, నేను అటునుంచి అటే గోవా బండి ఎక్కేయొచ్చు. పుణ్యం వాళ్ళది, సముద్రం నాది. ఇంతవరకు బాగానే ఉంది. అంతటితో ఊరుకుని ఉంటే ఈ కథే లేదు. కానీ రేపు ఎవరూ నన్ను తప్పు పట్టకూడదు కదా. "అట్ల ఒకరి మొగం ఒకరు సూసి సెప్పొద్దు. యార్డులో మాదిరి తువ్వాలు కింద సెప్పండి. ఒక ఏలు పట్టుకుంటే గోవా, రెండు ఏళ్ళు పట్టుకుంటే మంత్రాలయం. ఎక్కువ మంది ఏదంటే అదే. ఎవురేమన్న్యారో నేను సెప్పను, మీరు అడగొద్దు," అన్నాను.

"నేనేమన్నా పత్తి కుప్పనా బేరం చేసేకి?" అంది అమ్మ. కానీ కాళ్ళు ముడుచుకుని సర్దుకుని కూర్చుంది.

ముందు అత్త. అల్లుడి చెయ్యి పట్టుకోవడం మా ఇళ్ళల్లో లేదు. ఆమె సిగ్గుతో సగం చచ్చి, చేతికి కొంగు చుట్టుకుని తువ్వాలు కిందికి పంపింది. తెగిన పోగును చూడకుండా ముడివేసే వేళ్ళు అవి. నా చూపుడు వేలు ఒక్కదాన్నే పట్టి చటుక్కున వదిలేశాయి. పైన ఆమె నోరు మాత్రం, "ఎమ్మిగనూర్లో గూడా ఎండలు ఇట్లనే కాస్తాండాయప్పా," అంటోంది. యార్డులో పదేళ్ళు పనిచేసినవాడు కూడా అంత నిబ్బరంగా మాట్లాడడు.

అత్త అలా చెప్తుందని నేను అనుకోలేదు. పోనీ, ఒక్కటే కదా అనుకున్నాను.

తర్వాత నా భార్య. ఆమెకు వెతుక్కోవాల్సిన పని లేదు. చూపుడు వేలు పట్టుకుని, కణుపు టప్పుమనేదాకా మెలిపెట్టి, "అయిపాయ," అని లేచిపోయింది.

ఇక అమ్మ. ఆమె రెండు వేళ్ళు పట్టుకుంటే, మిగిలిన ఇద్దర్నీ ఆమె పేరు చెప్పి సముదాయించవచ్చు. అమ్మ చెయ్యి తువ్వాలు కిందికి వచ్చింది. కాసేపు అక్కడ ఊరికే ఉంది. తర్వాత నా చూపుడు వేలిని గుప్పిటిలో పట్టుకుంది. పొరపాటేమోనని, దళారి బుద్ధితో నేనే రెండు వేళ్ళు ఆమె అరచేతిలో నొక్కి, "ఇదా?" అన్నట్టు వేళ్ళతోనే అడిగాను. ఆమె ఆ రెండింటినీ పక్కకు తోసి మళ్ళీ ఒకటే పట్టుకుంది. ఇంకోసారి నొక్కాను. ఈసారి గోటితో గిచ్చింది. పైన ఆమె కళ్ళు మూసుకుని, "అంతా సామి దయ," అంది.

మూడు చేతులూ గోవాకే. ఆ క్షణంలో నాకు కనపడింది సముద్రం కాదు. కొల్వాలో మందు అంగడి ముందు నేనూ, నా వెనక వరసగా ఈ ముగ్గురూ. తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాను. గొంతు సవరించుకున్నాను.

"ఎక్కువ మంది మంత్రాలయమే అన్న్యారు."

అందులో ఉన్న తెలివి చూడండి. ముగ్గురూ అన్నారని చెప్పి ఉంటే అక్కడే దొరికిపోయేవాణ్ణి. ఎక్కువ మంది అనేసరికి ఎవరికి వాళ్ళు మిగిలిన ఇద్దరే ఆ పని చేశారనుకున్నారు. అడగడానికి లేదు, అడగొద్దనే కదా ఒప్పందం. అమ్మ అత్త వైపు చూసింది. అత్త కూతురి వైపు చూసింది. నా భార్య ఇద్దరి వైపూ చూసి, కందుల చేట గట్టిగా కింద పెట్టింది.

సాయంత్రం పెరట్లో కాళ్ళు కడుక్కుంటుంటే అమ్మ వచ్చి తొట్టి గట్టున కూర్చుంది. "నువ్వు, భాయ్ పోతారు గదా. ఆ సముద్రం యాడిదాకా కనపడతాదో సూసి వచ్చి నాకు సెప్పు," అంది.

"నీకేంటికమ్మా?"

"ఏం ల్యా. పిల్లప్పుడు మిల్లులో పత్తి ఏరేకి పోతాంటిమి. ఇంత దూది యాడికి పోతాదని మేస్త్రీని అడిగితే, సముద్రం మింద పోతాదనె. దూదిని మోసేంత నీళ్ళు ఎట్లుంటాయా అని అప్పుట్నుంచి అనుకుంటా ఉంటిని." ఆమె నవ్వేసింది. "సూడకపోతే ఏమి, ఇన్నేండ్లు బతకల్యా?"

అప్పుడు చెప్పేయాల్సింది. నాకు తెలుసు కదా ఆమె గిచ్చింది ఎందుకో. నేను కాళ్ళు ఇంకోసారి కడుక్కున్నాను.

ఆ వారం ఇంట్లో నడిచింది చూసి నేను లోలోపల నవ్వుకున్నానని కూడా ఒప్పుకోవాలి. అత్తకు మా అమ్మ మజ్జిగ పోసేది కాదు. పోసినా, "భక్తిపరులకు మజ్జిగ ఏంటికి వదినా, తీర్థం సాలు గదా," అనేది. అత్త ఊరుకునేది కాదు. "మీకంటే భక్తి యాడిదమ్మా మాకు. ఏట్లో నీళ్ళకూ సముద్రం నీళ్ళకూ తేడా తెలీని పుణ్యాత్ములు మీరు." నా భార్య ఇద్దరికీ కలిపి ఉప్పు లేని పప్పు వడ్డించేది. అడిగితే, "సామి దర్శనానికి పోయేటోళ్ళు ఉప్పు తినగూడదంట," అనేది. మగ్గం చప్పుడుకు దూరంగా నిద్రపోవడానికి వచ్చిన అత్త, అలకపాన్పు మీద పగలంతా నిద్రపోయింది. ముగ్గురూ ఒకే ఊరికి పోవాలనుకుని, ఆ ఊరికి పోనివ్వలేదని ఒకరి మీద ఒకరు కారాలు నూరుకుంటుంటే, మధ్యలో నేను ఉప్పు లేని పప్పు తింటూ అమాయకుడిలా కూర్చునేవాణ్ణి.

ఈ వినోదం ఒక్కడినే ఎలా దాచుకోను? యార్డులో భాయ్‌కి చెప్పాను. అమ్మ గిచ్చడం దాకా నటించి చూపించాను. భాయ్ మొదట నవ్వాడు. తర్వాత నవ్వు ఆపాడు.

"అంటే ముగ్గురూ ఒక ఏలే పట్టినారు."

"అవును భాయ్!"

"నువ్వు పైన రెండన్న్యావు."

"ఇంట్లో ఆడోళ్ళతో ఆట భాయ్. ఇదేమన్నా పత్తి బేరమా?"

"ఆట అయితే చింతగింజలు ఎయ్యాల్సింది. తువ్వాలు ఏంటికి పరిస్తివి?" అన్నాడు. అతను దుమ్ములో గీసిన దారిని చూస్తూ, "తువ్వాలు కింద ఇమాన్, నీతి ఉంటాదప్పా. మా నాయన, మీ నాయన ఈడ బతికింది దాని మిందనే. ఈసారి సీజన్లో నేను నీ చేతిలో చెయ్యి పెట్టల్లంటే, నువ్వు రెండు పట్టుకుని ఒకటనవని నాకేం నమ్మకం?" అన్నాడు.

"అంత మాట అనొద్దు భాయ్."

"ఇంతకంటే పెద్ద మాట ఇంట్లో అనినావు నువ్వు. పో, పోయి సెప్పు. నేను గోవా రాను. మీ అమ్మ పోవాల్సిన బండిలో నేనెట్ల కూసునేది?"

చెప్దామనే ఇంటికి పోయాను. నడవలోకి అడుగు పెట్టేసరికి ముగ్గురూ వరసగా గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. ముందు చాప మీద నా తువ్వాలు, మడత పెట్టి. మంత్రాలయానికి మూటలు కట్టుకునేటప్పుడు నా భార్య తల్లి మీద విరుచుకుపడిందట, "నువ్వైనా గోవా అనకూడదా?" అని. అత్త, "నేను అనకపోతే ఎవురన్న్యారే? ఏలు ఇరిగేట్ల పడితి," అందట. అంతలో అమ్మ వంటింట్లోంచి వచ్చి, "నేను పట్టినప్పుడు వీడు రెండు ఏళ్ళు పెట్టె, తోసేస్తి. మళ్ళా పెట్టె, గిచ్చితి," అందట. ముగ్గురూ కాసేపు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, తర్వాత నవ్వారట. ఆ తర్వాత తువ్వాలు తీసి, నేను వచ్చేదాకా మడత పెట్టుకుని కూర్చున్నారు.

"కూసో అప్పా," అంది అమ్మ. "ఇంకోసారి బేరం చేద్దాం."

కూర్చున్నాను. చెయ్యి తువ్వాలు కింద పెట్టాను. మూడు చేతులు ఒకేసారి వచ్చి ఆ ఒక్క వేలిని పట్టుకున్నాయి. అత్త ఈసారి కొంగు కూడా చుట్టుకోలేదు.

"ఎవురేమన్న్యారో సెప్పు," అంది నా భార్య.

"గోవా."

"ఎంతమంది?"

"ముగ్గురూ."

"పోయినసారో?"

తల దించుకున్నాను. "పోయినసారి గూడా ముగ్గురే."

అత్త మర్యాద తప్పకుండా అంది. "మా ఇంట్లో పోగు తెగితే అతుకుతాము అల్లుడప్పా. తెగల్యా అని అబద్ధం సెప్తే గుడ్డంతా పాడయిపోతాది."

నా భార్య ఇంకా ఏవో అంది. నాకు సగమే గుర్తుంది, రాయదగినది అందులో పావు కూడా లేదు. అందరూ లేచాక అమ్మ, తువ్వాలు నా భుజం మీద వేస్తూ మెల్లగా చెప్పింది.

"నీకేం కావల్లని ఈ ఇంట్లో నన్ను ఎవురూ అడగల్య. మీ నాయన గూడా అడగల్య, ఆయన మంచోడే గానీ. నువ్వు అడిగితివి. ఏమి కావల్లో నాకే తెలీదనుకుంటి గానీ ఏలు పట్టుకున్నాక తెలిసె. సెప్పితి. నువ్వు మార్చేస్తివి."

తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ణి. ఆమె ఆ మాట అని వంటింట్లోకి పోయింది. అడగకపోవడం మా నాన్న తప్పయితే, అడిగి వినకపోవడం నాది. రెండోది పెద్దదని నాకు అప్పుడు తెలిసింది.

భాయ్ చెప్పినట్టే రాలేదు. మడగాంలో బావకు కబురు చేసి, మాకు దిగడానికి చోటు మాత్రం కుదిర్చాడు. నేను ఇంట్లో ఒప్పుకున్నానని చెప్పినా, తర్వాతి సీజన్లో సగం గడిచేదాకా నాతో బేరం నోటితోనే చేశాడు. అది నాకు తగినదే.

ఇక గోవాకు సన్నాహం మొదలైంది. నేనూ భాయ్ దుమ్ములో చేసింది అసలు సన్నాహమే కాదని అప్పుడు తెలిసింది. జొన్నరొట్టెలు ఎండబెట్టినవి ఒక మూట. దారిలో తడిపి ఉగ్గాని చేసుకోవడానికని బొరుగులు ఒక మూట. ఆ ఊళ్ళో కారం ఉంటుందో లేదోనని ఒక డబ్బా కారం, అది ఒలికితే పనికొస్తుందని ఇంకో డబ్బా. సముద్రంలో దిగాలంటే పాత చీర కట్టుకోవాలా, కొత్త చీర కట్టుకోవాలా అన్నదాని మీద రెండు పూటలు చర్చ జరిగింది. పాతదైతే అలకు చిరుగుతుందని అత్త, కొత్తదైతే ఉప్పుకు రంగు పోతుందని అమ్మ. చివరికి అత్త, "రంగు పోని చీర మా ఇంట్లో మగ్గం మింద ఉండాది, మీ అన్న దించితే గదా," అంది. ఎమ్మిగనూరుకు పోయే బస్సు డ్రైవరు చేత మామకు మాట పంపారు. ఆయన మూడో రోజు చీర కోసి పంపాడు. తను మాత్రం రాలేదు. ఇంకో పడుగు ఎక్కించాడట. "ఆయన సముద్రం ఆ గుంతలోనే ఉండాది పో," అంది అత్త, చీర వాసన చూస్తూ.

భార్య మాత్రం బండి టికెట్లు నన్ను ఒక్కణ్ణే పోయి తీసుకురానివ్వలేదు. స్టేషన్‌కు తనూ వచ్చి, కిటికీ దగ్గర నా పక్కనే నిలబడి, గుమాస్తాను తనే అడిగింది. "ఇది గోవాకేనా? మళ్ళా మంత్రాలయం కాదు గదా?" గుమాస్తా నా వైపు జాలిగా చూశాడు. అయినా ఆమె అటు తిరిగాక అక్కడే నేను ఇంకో చిన్న పని చేశాను. తిరుగు టికెట్లు చేరిన మూడో రోజుకే తీసేసుకున్నాను. తప్పు ఒప్పుకున్నాక కూడా, ఈ ముగ్గురితో ఎక్కువ రోజులు ఎక్కడ వేగాలి అన్న గొణుగుడు మనసులో ఒక మూల మిగిలే ఉంది. వాళ్ళు అడగలేదు. నేను చెప్పలేదు.

గుంతకల్లులో చిన్న లైను బండి ఎక్కాం. హొస్పేట దాటేసరికి రొట్టెల మూట సగమైంది. హుబ్లీలో కారం డబ్బా నిజంగానే ఒలికింది, మా పెట్టెలో అందరూ తుమ్మారు. లోండా తర్వాత బండి కొండల్లో దిగుతూ, పాలు ఒలకబోసినట్టున్న జలపాతం పక్కనుంచి పోయినప్పుడు అమ్మ, "ఇదేనా సముద్రం?" అని అడిగింది. "కాదు, ఇంకా ఉండాది," అన్నాను. "ఇంకానా!" అని కిటికీ ఊచలు పట్టుకుంది.

మడగాంలో భాయ్ వాళ్ళ బావ వచ్చి మాకు దిగడానికి ఇల్లు చూపించాడు. మర్నాడు పొద్దున్నే కొల్వా బస్సు ఎక్కాం. దిగిన చోట, భాయ్ చెప్పినట్టే, టీ అంగడి ఉండాల్సిన ప్రతి చోటా మందు అంగడి. నా కళ్ళు ఎటు పోయాయో అత్త కనిపెట్టింది. సీసాల వరసను పై నుంచి కింది దాకా తీరిగ్గా చూసి, "ఏమప్పా అల్లుడూ, నువ్వు సూడల్లనుకున్న సముద్రం ఇదేనా?" అంది. నా భార్య బస్సు స్తంభం పట్టుకుని నవ్వింది. ఆ ఊళ్ళో నేను తాగింది టెంకాయ నీళ్ళే.

కొబ్బరి చెట్లు దాటాక ఇసుక, ఇసుక దాటాక అది. అమ్మ నిలబడిపోయింది. "యాడిదాకా ఉండాది?" అని కూడా అడగలేదు. చెప్పులు విడిచి, చెప్పులు ఎవరు ఎత్తుకుపోతారో అన్న చింత కూడా లేకుండా నడిచిపోయింది. మొదటి అల కాళ్ళకు తగలగానే వెనక్కి పరుగెత్తి, నవ్వుతూ మళ్ళీ పోయింది. మామ నేసిన చీర నడుము దాకా తడిసింది, తర్వాత భుజాల దాకా. అత్తా, నా భార్యా ఆమె చెరో పక్క నిలబడి, అల వచ్చినప్పుడల్లా ముగ్గురూ కలిసి కేకలు వేశారు. అమ్మ అంత గట్టిగా అరవగలదని నాకు తెలియదు. ఒక అల ఆమెను కూలదోస్తే లేచి, ఆ అలనే తిట్టింది.

నేను ఇసుకలో మూటలకు కాపలాగా కూర్చున్నాను. కాసేపటికి అమ్మ అక్కడి నుంచే కేక వేసింది.

"ఏమప్పా! రేపు గూడా వస్తాము గదా?"

రేపు మధ్యాహ్నానికి మా బండి. టికెట్లు నా చొక్కా జేబులో ఉన్నాయి. బండి ఉందమ్మా, ఏం చేయలేం అని అనడం చాలా సులభం. బండి మీద తోసేస్తే నాది తప్పు కాదు. ఆ దారి నాకు బాగా అలవాటైనదే. లేచి నీళ్ళ దాకా పోయాను.

"ఎన్ని దినాలు ఉండల్లని ఉండాదమ్మా నీకు?"

ఆమె కళ్ళలో నీళ్ళు తుడుచుకుని, మిగిలిన ఇద్దరి వైపూ చూడకుండా, నా మొహమే చూస్తూ గట్టిగా చెప్పింది. "ఇంకా నాలుగు దినాలు."

నేను బస్సెక్కి మడగాం స్టేషన్‌కు పోయాను. కిటికీ దగ్గర వరస పొడుగ్గా ఉంది. గుమాస్తాకు నా హిందీ అర్థం కాలేదు, నాకు అతని మాట అర్థం కాలేదు. చివరికి ఇద్దరికీ కొంచెం కొంచెం వచ్చిన కన్నడంలో పడ్డాం. టికెట్ల తేదీ మార్చడం ఈ రోజుల్లో కష్టం, సీట్లు లేవు, కూర్చుని పోవాలి, ఎందుకు మార్చడం అని అడిగాడు.

"మా అమ్మ సముద్రంలో ఉంది. ఇంకా బయటికి రాలేదు," అన్నాను.

అతను కంగారుపడి లేచాడు. పోలీసులకు చెప్పావా అన్నాడు. మునిగిపోలేదని, ఆడుకుంటోందని వివరించేసరికి వెనక వరసంతా నవ్వింది. అతనూ నవ్వి టికెట్లు తీసుకున్నాడు. పడుకునే చోట్లు పోయాయి. ఉన్నవాటిలో ముగ్గురికి కూర్చునే చోటు దొరికింది, నాకు లేదు. సరేనన్నాను. మళ్ళీ కొల్వా బస్సు ఎక్కాను, నాలుగు రోజులని వాళ్ళకు చెప్పడానికి.